పళవేర్కాటి కోటలో తీపి పద్దు

పోయిన భాగం పళవేర్కాట్లో కోట గోడలు లేచేచోట ఆగింది. వెంకటపతి రాయలు చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలుతున్న రోజులు. 1610లో డచ్చివారికి ఇక్కడ వ్యాపారం చేసుకోవడానికి కౌలు దొరికింది. రెండేళ్లు తిరిగేసరికి శాంథోమ్‌లో పాతుకుపోయిన పోర్చుగీసువారు వచ్చి వాళ్ల కొట్టును కొల్లగొట్టి పోయారు. రాయల రాణుల్లో ఒకామె కోట కట్టడం మొదలుపెట్టింది. 1613లో దాన్ని పూర్తిచేసుకుని లోపల కూర్చున్నది మాత్రం డచ్చివారు. అప్పటి వాళ్ల పెద్ద వెమ్మర్ ఫాన్ బెర్ఖెమ్‌ది గెల్డర్లాండ్ సీమ. సొంత సీమ పేరు మీద కోటకు గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నాడు.

ఇంగ్లీషు పటాల్లో పులికాట్, తమిళంలో పళవేర్కాడు. సరస్సును మనవాళ్లు ప్రళయ కావేరి అంటారు. ఇవాళ ఈ ఊరు తిరువళ్లూరు జిల్లా పొన్నేరి తాలూకాలో ఉంది. ఫిరంగుల సంగతి, ఒప్పందాల సంగతి చాలామంది రాశారు గనక ఈసారి వంటింటి దారిన లోపలికి పోదాం. పండితులు దీన్ని చిల్లర విషయమంటారు. అననివ్వండి. పరాయి గడ్డ మీద కూర్చున్నవాడు ఏ తీపి కోసం మొహం వాచి ఉన్నాడో కనిపెడితే, అసలు వాడు ఇంత దూరం ఎందుకొచ్చాడో కూడా బయటపడుతుంది.

కోటలో ఉన్నవాళ్లలో పెద్ద దొరలు కొద్దిమందే. మిగతావాళ్లంతా గుమస్తాలు, సిపాయిలు, తుపాకిమందు తయారుచేసేవాళ్లు, ఒక వైద్యుడు, ఒక పాదిరి. 1632 నుంచి పదేళ్లు పాదిరి పని చేసిన అబ్రహాం రోజేరియస్ అందరికన్నా కాస్త విడ్డూరమైన మనిషి. పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ణి కూర్చోబెట్టుకుని మన ఆచారాలు, భర్తృహరి సుభాషితాలు చెప్పించుకుని రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1651లో లైడెన్‌లో అచ్చయింది. హాలండులో లంగరెత్తిన ఓడ జావా దీవిలో బటేవియా చేరడానికే ఆరేడు నెలలు పట్టేది. అక్కణ్నుంచి సరుకు వేరే ఓడకెక్కి పళవేర్కాడు రావాలి. ఇంటికి ఉత్తరం రాసి జవాబు చదువుకునేసరికి ఏడాదిన్నరో రెండేళ్లో గడిచేవి. ఆ జవాబు అందకుండానే మట్టిలో కలిసినవాళ్లు ఊళ్లోని డచ్చి సమాధుల తోటలో ఉన్నారు. డెబ్బైకి పైగా సమాధులు, ద్వారానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. పురావస్తు శాఖ వారి రక్షణలో ఉంది గనక ఆ మాత్రమైనా నిలిచింది. కోట మాత్రం ఇవాళ పొదలు ముసిరిన మట్టిదిబ్బ.

వాళ్ల ఊళ్లో తీపి పండగంటే సింటర్‌క్లాస్. డిసెంబరు 5 రాత్రి. పిల్లలు బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెడితే తెల్లారేసరికి వాటిలో మిఠాయి ఉంటుంది. యాన్ స్టేన్ అనే చిత్రకారుడు 1660లలో ఈ పండగను బొమ్మ కట్టాడు. అది ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉంది. ఒళ్లో బొమ్మతో మురిసిపోయే చిన్నపిల్ల, నేల మీద బుట్టనిండా రొట్టెలు, బిస్కత్తులు, ఒక మూల ఏడుస్తున్న కుర్రాడు. ఆ కుర్రాడి బూటులో మిఠాయికి బదులు బెత్తం పెట్టారు. ప్రొటెస్టెంటు పాదిరులకు ఈ పండగంటే గిట్టేది కాదు. కొన్ని పట్టణాల్లో పండగ బొమ్మ రొట్టెల అమ్మకాన్నే నిషేధించారు. అయినా జనం మానలేదు. ఆ రొట్టెల్లో పడేవేమిటి? పంచదార, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, అల్లం. ఈ జాబితా గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ఇవాళ్టి డచ్చివాణ్ణి ఏ దేశంలో పట్టుకుని ఇంటి నుంచి ఏం తెప్పించుకుంటావని అడిగినా మొదట వినిపించే పేరు డ్రోప్. నల్లగా, నిగనిగలాడుతూ, నాణెంలాగో పిల్లిలాగో పోతపోసిన బిళ్లలు. అతిమధురం వేరు రసాన్ని కాచి, పంచదార పాకం, జిగురు కలిపి అచ్చుల్లో పోస్తారు. ఏడాదికి తలా రెండు కిలోల లెక్కన తింటారని చెప్పుకుంటారు. తీపి డ్రోప్ ఉంది, ఉప్పు డ్రోప్ ఉంది, రెండింతల ఉప్పు డ్రోప్ కూడా ఉంది. ఉప్పంటే మన కూరలో ఉప్పు కాదు, నవాసారం.

తిరుత్తణిలో మా బంధువులింటికి ఈ డ్రోప్ పొట్లం వచ్చింది. ఆ ఇంటి మనవడు హాలండులో వెల్డ్‌హోవెన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. తిరుత్తణి, పళ్లిపట్టు తాలూకాల్లో ఇళ్లలో తెలుగు మాట ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రానికి పోయిన చోటు మరి. కుర్రవాడు ఒక నల్ల బిళ్ల అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె నోట్లో వేసుకుని, కళ్లు చిట్లించి, బుగ్గ అటుమార్చి ఇటుమార్చి చూసింది.

“ఏందిరా అబ్బయా ఇది, దగ్గు మందా?”

“మిఠాయి అవ్వా. అక్కడ పిల్లలు సంచీలు సంచీలు తింటారు.”

“అతిమధురం ఉంది. బాగుంది. నవాసారం దేనికి ఏసినారు? గిన్నెలకు కళాయి పుయ్యనా?”

నలభై ఏళ్ల కిందటి వీధులు చూసినవాళ్లకు ఆమె వెటకారం అర్థమవుతుంది. కళాయి పోసేవాడు చెట్టు కింద గుంట తవ్వి, తిత్తితో నిప్పు రాజేసి, ఇత్తడి బిందెను పటకారుతో తిప్పుతూ కాలుస్తాడు. బిందె చాలినంత వేడెక్కాక లోపల చిటికెడు తెల్లపొడి చల్లుతాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరే ఘాటు. ఆ పొడే నవాసారం. అది లోహం మీద పట్టిన చిలుమును తినేస్తుంది. ఆ వెంటనే తగరం ముక్క రాసి దూది ఉండతో తుడిస్తే కాసేపట్లో బిందె లోపల వెండిలా తళతళలాడుతుంది. అదే సరుకును పడమటి సముద్రం అవతల మిఠాయిలో వేసుకుని చప్పరిస్తున్నారు. మనల్ని మనం మరీ గొప్పవాళ్లమనుకోనక్కర్లేదు. మందుల షాపులో కొనే చాలా దగ్గు టానిక్కుల సీసాల మీద చిన్న అక్షరాల్లో అమోనియం క్లోరైడ్ అని ఉంటుంది. అది నవాసారమే. కఫం కరిగిస్తుందని వేస్తారు.

అవ్వ మాట దగ్గర చరిత్రకారుడు ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఆమె తేల్చినదే నిజం. గెల్డ్రియా కోటలో గుమస్తా చేతిలో ఇవాళ్టి డ్రోప్ పొట్లం ఊహించుకుంటే తప్పు. పదిహేడో శతాబ్దంలో అతిమధురం రసం యూరప్‌లో వైద్యుల అలమరలో ఉండేది, గొంతు నొప్పికీ దగ్గుకూ. అది పిల్లల మిఠాయిగా అంగళ్లకెక్కింది చాలా తరవాత. నవాసారం కలిపిన ఉప్పు డ్రోప్ సంగతి మరీ కొత్తది, ఇరవయ్యో శతాబ్దపు సరుకు. డచ్చివారు పళవేర్కాడు వదిలిపోయాకే వాళ్ల జాతీయ మిఠాయి పుట్టిందన్నమాట.

మరి అప్పుడు మన వైపు ఇది ఏమిటి? ఇక్కడా మందే. అతిమధురం మొక్క మన కోస్తాలో పండదు. పారశీకం నుంచీ, ఆ పైనున్న ఎండు దేశాల నుంచీ వేరుముక్కలుగా వర్తకుల మూటల్లో వచ్చేది. యష్టిమధుకమని ఆయుర్వేదంలో దీనికి పాతకాలం నుంచే చోటుంది. హరికథలు చెప్పేవాళ్లు, పాటకచేరీలు చేసేవాళ్లు గొంతు కోసం ఒక పుల్ల బుగ్గన పెట్టుకునేవాళ్లు. తిరువళ్లూరు, తిరుత్తణి బజార్లలో నాటుమందుల అంగడికి పోయి పసిబిడ్డకు ఉరైమరుందు కావాలంటే ఇవాళ కూడా ఒక పొట్లం కట్టి ఇస్తారు. జాజికాయ, మాచికాయ, కరక్కాయ, శొంఠి, వస, వాటితోపాటు అతిమధురం పుల్ల. ఒక్కొక్కదాన్నీ సానరాయి మీద చనుబాల చుక్కతో రెండు మూడు చుట్లు తిప్పి, ఆ గంధాన్ని వేలి కొనతో బిడ్డ నాలుక మీద రాస్తారు. ఎక్కువ తిప్పితే పెద్దవాళ్లు కసురుతారు. ఆ రాతి మీద పారశీకపు వేరు, బాందా దీవుల కాయ ఒకదాని పక్కన ఒకటి అరుగుతాయి.

కసరడానికి కారణం ఉంది. అతిమధురంలోని తీపి పదార్థం పంచదార కన్నా ఎన్నో రెట్లు తియ్యన. అది రోజూ మోతాదు మించితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం పడిపోతుంది, రక్తపోటు ఎక్కుతుంది. దీన్ని సరిగ్గా పట్టుకున్నది కూడా ఒక డచ్చి వైద్యుడే. 1946లో రెవర్స్ అనే ఆయన, అతిమధురం రసంతో కడుపులో పుండ్లు మానుతున్నాయనీ, కానీ కొందరు రోగులకు మొహం, కాళ్లు వాస్తున్నాయనీ రాశాడు. తిరుత్తణి అవ్వకు బీపీ ఉంది. ఒక్క బిళ్లతో సరిపెట్టడం మంచిదే అయింది.

డచ్చి కంపెనీకి మందుల బెడద పెద్దదే. హాలండు నుంచి పంపిన మూలికలు ఓడల్లో చెమ్మకు బూజుపట్టేవి. తమాషా ఏమంటే వాటిలో కొన్ని ఆసియా నుంచి పోయి, అక్కడ అంగడికెక్కి, మళ్లీ హెచ్చు ధరకు ఇక్కడికే వచ్చేవి. ఈ పిచ్చి లెక్క చూసి విసిగినవాడు మలబారు పాలకుడు హెన్‌డ్రిక్ ఫాన్ రీడ్. స్థానిక వైద్యులను, పండితులను కూర్చోబెట్టి రాయించిన ‘హోర్టస్ మలబారికస్’ 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చింది. అందులో గురివింద బొమ్మ కూడా ఉంది. తిరుత్తణి కొండల పొదల్లో దొరికే ఆ తీగ ఆకు నమిలి చూడండి, అతిమధురం లాగే తియ్యగా ఉంటుంది. అందుకే ఇంగ్లీషువాళ్లు దీన్ని ఇండియా అతిమధురం అన్నారు. ఎర్రగింజ జోలికి మాత్రం పోవద్దు. కంసాలి బంగారం తూచడానికి పనికొచ్చిందే గానీ లోపలి పప్పు ప్రాణం తీసే విషం. ఈ ఫాన్ రీడే తరవాత కంపెనీ తనిఖీ అధికారిగా మన తీరానికి వచ్చి పళవేర్కాటి నుదుటిరాత మార్చాడు. ఆ ముచ్చట చివర్లో.

ఇక పండగ రొట్టె జాబితాకు వద్దాం. దాల్చినచెక్క సింహళం నుంచి, లవంగం అంబోన్ నుంచి, జాజికాయ, జాపత్రి బాందా దీవుల నుంచి వచ్చేవి. వీటిని కొనడానికి డచ్చివాడి దగ్గర ఏముంది? ఉన్ని బట్ట ఉంది. భూమధ్యరేఖ మీద ఉన్ని ఎవడిక్కావాలి? వెండి ఉంది, కానీ ఎంతకని తెస్తాడు! ఆ దీవులవాళ్లు ఇష్టపడి కట్టుకునేది కోరమాండల్ తీరపు నూలు బట్ట. చిరివేరు రంగులో ముంచిన ఎరుపు, అద్దకపు పువ్వులు, గళ్ల రుమాళ్లు. హెన్‌డ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ పెద్ద 1612లోనే కుండబద్దలు కొట్టాడు. కోరమాండల్ మొలక్కా దీవులకు ఎడమ చెయ్యి అనీ, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టేననీ అన్నాడు. పళవేర్కాడు కోట పుట్టింది ఆ లెక్క మీదే. ఆమ్‌స్టర్‌డామ్ పిల్లవాడి బూటులో పడిన మసాలా రొట్టెకు మూలధనం ఇక్కడి మగ్గం గుంటలో ఉంది.

డచ్చి గుమస్తా నేరుగా నేతగాడి గుడిసెకు పోలేడు. భాష రాదు, పరపతి లేదు. మధ్యలో ఉన్నవాళ్లు తెలుగు బలిజ సెట్లు. అచ్యుతప్ప సెట్టి పేరు డచ్చి కాగితాల్లో మలయ అని కనిపిస్తుంది. దుబాసీగా మొదలై, సొంత ఓడలు నడిపి, నాయక రాజుల దగ్గర పలుకుబడి సంపాదించి 1634లో చనిపోయేదాకా ఈ తీరాన ఆయన మాటకు తిరుగులేదు. తరవాత తమ్ముడు చిన్నన్న. బట్టకు ముందుగా బయానా ఇచ్చేది కంపెనీ అయినా, ఆ డబ్బును ఊరూరా నేతగాళ్లకు పంచి, గడువుకు థాన్లు రాబట్టింది వీళ్లు. చరిత్ర పాఠాల్లో మద్రాసు కోసం నేల ఇప్పించిన దామర్ల వారి పేరు వినిపించినంతగా ఈ అన్నదమ్ముల పేరు వినిపించదు. నాకది అన్యాయంగానే తోస్తుంది. మద్రాసు 1639లో మొలిచేనాటికి పళవేర్కాట్లో ఈ యంత్రం పాతికేళ్లుగా తిరుగుతోంది.

పద్దులో రెండో పేజీ ఉంది. 1621లో యాన్ పీటర్‌జోన్ కూన్ అనే గవర్నర్ జనరల్ బాందా మీద పడ్డాడు. పదిహేను వేలమంది ఉన్న ఆ దీవుల్లో కత్తికీ ఆకలికీ పోయినవాళ్లు, బానిసలుగా పట్టుబడినవాళ్లు, పారిపోయినవాళ్లు పోగా వెయ్యిమంది దాకా మిగిలారని అంచనా. జాజి తోటల్లో పనికి మనుషులు కావాలి. బటేవియాలో కోటలకూ, రేవుకూ, ఇళ్లకూ మనుషులు కావాలి. ఎక్కడెక్కడి నుంచో బానిసల్ని తెచ్చారు. వాళ్లలో కోరమాండల్ జనం ఉన్నారు, పళవేర్కాటి రేవు నుంచి ఓడలెక్కినవాళ్లూ ఉన్నారు. కరువొచ్చినా, పాలెగాళ్ల యుద్ధాలొచ్చినా ఈ వ్యాపారం పెరిగేది. 1640ల నడుమ విజయనగరపు చివరి రాయల మీద గోల్కొండ సేనలు విరుచుకుపడి, పైరు మాడిపోయిన రోజుల్లో పిడికెడు బియ్యానికి పిల్లల్ని అమ్ముకున్న తల్లిదండ్రులున్నారు. కొన్న దళారులు మనవాళ్లే, ఎక్కించుకున్న ఓడ కంపెనీది. థాన్ల లెక్క రాసిన కలంతోనే మనుషుల లెక్కా రాశారు.

పంచదార కథ కూడా బటేవియాకే పోతుంది. పదిహేడో శతాబ్దం నడుమకు ఆమ్‌స్టర్‌డామ్‌లో యాభైకి పైగా పంచదార శుద్ధి కార్ఖానాలుండేవి. వాటికి ముడి సరుకు ఎక్కువగా అమెరికా దీవుల బానిస తోటల నుంచి పోయేది. ఆసియాలో మాత్రం బటేవియా చుట్టూ చీనావాళ్లు గానుగలు పెట్టారు. ఆ పంచదార కంపెనీ ఓడల్లో పారశీకానికి, సూరత్‌కు తిరిగేది. గిరాకీ పడిపోయి గానుగలు మూతపడి, పని పోయినవాళ్లు తిరగబడితే 1740లో బటేవియాలో జరిగిన ఊచకోతలో వేలాది చీనావాళ్లు చచ్చిపోయారు. మన కోటలో గుమస్తాకు ఇంతదూరం పోనక్కర్లేదు, చుట్టూ బెల్లం ఉంది. చెరకు బెల్లం, తాటిబెల్లం. పక్కనే తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడి కోనేట్లో భక్తులు బెల్లం కరిగిస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరిగిపోవాలని మొక్కు. ఉప్పు, మిరియాలు కూడా సమర్పిస్తారు. చెరకు ఈ జిల్లాను ఇప్పటికీ వదల్లేదు. తిరుత్తణి సహకార చక్కెర మిల్లు ఉన్నది తిరువాలంగాట్లో.

డచ్చి తీపి ఈ గడ్డ మీద ఏమైనా మిగిలిందా? కొచ్చి కోటలో, కొలంబోలో మిగిలింది. బ్రూదర్ అనే తియ్యటి రొట్టెను అక్కడి డచ్చి సంతతి ఇళ్లలో పండగలకు చేసుకుంటారు. సింహళంలో ఉగాదికి వేయించే కోకిస్ పేరు డచ్చి బిస్కత్తు పేరు నుంచే వచ్చిందంటారు. కోకిస్ చూసిన తెలుగువాడికి వెంటనే మనింట్లో క్రిస్మస్‌కు చేసే గులాబీ పువ్వులు గుర్తొస్తాయి. అదే పద్ధతి. పువ్వు అచ్చును నూనెలో కాల్చి, పిండిలో అంచు దాకా ముంచి, మళ్లీ నూనెలోకి దించి విదిలిస్తే పువ్వు ఊడి తేలుతుంది. ఇది డచ్చివారే తెచ్చారని కొందరు రాస్తున్నారు. నేనైతే అంత ధైర్యం చెయ్యను. ఇలాంటి అచ్చు వంటకం యూరప్‌లో చాలా చోట్ల ఉంది, పోర్చుగీసువారు అంతకు నూరేళ్ల ముందే ఈ తీరాన ఉన్నారు. పోలిక చూసి చుట్టరికం కలిపేస్తే చరిత్రలో ఎవరు ఎవరికైనా మేనమామే.

పళవేర్కాట్లో వంటకం నిలవాలంటే వండే కుటుంబాలు నిలవాలి. అది జరగలేదు. ఫాన్ రీడ్ తనిఖీ తరవాత 1690లో కోరమాండల్ గవర్నరు కొలువు నాగపట్నానికి తరలిపోయింది. పళవేర్కాడు రెండో మెట్టు ఊరయింది. 1781లో ఇంగ్లీషువారు దీన్ని పట్టుకున్నారు, ఆ ఏడాదే నాగపట్నాన్నీ పట్టుకున్నారు. 1785లో తిరిగిచ్చారు, 1795లో మళ్లీ లాక్కున్నారు, 1818లో మళ్లీ ఇచ్చారు. ఇలా బంతాట ఆడిన ఊళ్లో ఏ కుటుంబం పొయ్యి వేసుకుని కూర్చుంటుంది? 1824 ఒప్పందంలో డచ్చివారు ఇండియాలో ఉన్నవన్నీ, మలక్కాతో సహా, ఇంగ్లీషువారికి వదిలేసి సుమత్రాలో బెంకూలెన్ తీసుకున్నారు. పళవేర్కాడు, సద్రాసు, మన జగన్నాథపురం, పాలకొల్లు, భీమునిపట్నం అన్నీ 1825లో చేతులు మారాయి.

వాళ్లకు పెద్ద బాధేం కలగలేదు. అప్పటికి మిల్లు బట్ట వచ్చేసింది, మసాలాలకు పాత ధర లేదు, కోరమాండల్ థాన్లతో పని తీరిపోయింది. అయిదేళ్లు తిరక్కుండానే, 1830లో, జావా రైతు తన భూమిలో కొంత భాగం సర్కారు చెప్పిన పంటకు విడవాలని అక్కడి డచ్చి ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. ఆ పంటల్లో ముందు వరసలో ఉన్నది చెరకు. ఆ పంచదార ఓడలకెక్కి హాలండు పోయింది. దానికి పళవేర్కాటి కోట అవసరం లేదు, అచ్యుతప్ప సెట్టి లాంటివాడి పరపతీ అవసరం లేదు.

వచ్చే భాగంలో ఉత్తరానికి పోదాం: మచిలీపట్నం వలందాపాలెం, గోల్కొండ దర్బారులో డచ్చి రాయబారాలు.